ఇంటిల్లిపాదీ వచ్చి కూర్చుని నేర్చుకునే కార్యక్రమం మీ కాలనీలో నడపాలంటే

కాలనీలోనో ఊళ్లోనో పిల్లలూ పెద్దలూ ఒకచోట కూర్చుని ఏదో ఒకటి నేర్చుకునే కార్యక్రమం పెడదామని మీకు అనిపించిందనుకుందాం. ఇలా ముందుకొచ్చేవాళ్లలో చాలామంది మొట్టమొదట చేసే పని ఫ్లెక్సీ డిజైన్ చేయించడం. దాన్ని చివరికి నెట్టండి, అసలు చేయించకపోయినా నష్టం లేదు.

ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. పిల్లల్ని గుమ్మం దగ్గర దింపేసి "గంటన్నరలో వచ్చి తీసుకెళ్తామండీ" అని అమ్మానాన్నలు వెళ్లిపోయారంటే మీరు నడుపుతున్నది ఉచిత ట్యూషన్. ట్యూషన్ చెడ్డదేం కాదు, కాకపోతే అది వేరే పని, దానికి పాఠం చెప్పగలిగే మనిషి ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. మీరు అనుకున్నది కుటుంబాల కోసమైతే అమ్మో నాన్నో తాతయ్యో, ఎవరో ఒక పెద్దమనిషి పిల్లాడి పక్కన చాప మీద కూర్చోవాలి. చోటు, టైము, చేయించే పని, టీ, అన్నీ ఈ ఒక్క లెక్క మీదే నిర్ణయించుకోండి.

ముందు ఇళ్లు తిరగండి

వాట్సాప్ గ్రూపులో "ఆసక్తి ఉన్నవారు పేర్లు ఇవ్వగలరు" అని పెడితే బొటనవేళ్లు బోలెడు వస్తాయి, మనుషులు రారు. ఒక పొడుగు నోటు పుస్తకం పట్టుకుని ఇంటింటికీ వెళ్లండి, ఒక్కరే వెళ్లకుండా కాలనీలో అందరికీ తెలిసిన ఒక పిన్నిగారినో అక్కనో వెంటబెట్టుకుని వెళ్తే తలుపులు తొందరగా తెరుచుకుంటాయి. ఆంధ్రలో ఉంటే గుమ్మం దగ్గర "వాలంటీర్‌ని అండీ" అని మాత్రం పరిచయం చేసుకోకండి, 2024 దాకా పింఛన్లూ పథకాలూ చూసిన ప్రభుత్వ వాలంటీర్లు గుర్తొచ్చి కంగారు పడతారు. ఫలానా వీధిలో ఫలానా వాళ్ల అబ్బాయిని, ఫలానా వాళ్ల కోడలిని అంటే చాలు.

"మీకు ఏం నేర్పించమంటారు?" అని అడగకండి. అడిగితే పది ఇళ్లలో తొమ్మిది ఇళ్లవాళ్లు స్పోకెన్ ఇంగ్లిష్ అంటారు, పదో ఇంటాయన కోడింగ్ అంటాడు. "మీ ఇంట్లో ఎవరికి ఏం వచ్చు?" అని అడగండి. కాస్త సిగ్గుపడి "మాకేం వస్తుందండీ" అంటారు, అక్కడే ఒక నిమిషం నిలబడండి. ఒకావిడకి కుట్టుమిషన్ వచ్చు, ఒకాయన ముప్పై ఏళ్లు ఆర్టీసీలో కండక్టరుగా చేసి నోటిలెక్కలు గడగడా చెబుతాడు, వాచ్‌మన్ భార్యకి వాన ఎప్పుడొస్తుందో మబ్బు చూసి చెప్పడం వచ్చు. ఇవన్నీ రాసుకోండి. తర్వాత ఆరునెలల కార్యక్రమాలు ఈ పేజీల్లోంచే వస్తాయి.

టైము కూడా అక్కడే తేలుతుంది. ఉద్యోగస్తులు ఆదివారం పొద్దున పది అంటారు, కానీ ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకి ఆదివారం పొద్దునే పని ఎక్కువ, వాళ్లు మధ్యాహ్నం రెండు దాటాకగానీ ఇంటికి చేరరు. పొద్దున పెట్టారంటే వాళ్లనీ వాళ్ల పిల్లల్నీ వద్దన్నట్టే. సాయంత్రం నాలుగు నుంచి ఐదున్నర అందరికీ కుదిరే టైము. ఎండాకాలం అయితే ఇంకో గంట ఆలస్యంగా, ఐదింటికి మొదలుపెట్టండి.

చోటు, తేదీ

మీ వార్డులో శాఖా గ్రంథాలయం ఉంటే ముందు అక్కడికే వెళ్లి అడగండి. మనం కట్టే ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు ఉంటుంది, కాబట్టి బిడియపడాల్సిన పని లేదు. అక్కడ ఆదివారం తెరిచి ఉంటుందా, పిల్లలు గోల చేస్తే పేపర్లు చదువుకునే పెద్దవాళ్లకి ఇబ్బంది కాదా అన్నది లైబ్రేరియన్‌తోనే మాట్లాడుకోండి. లేకపోతే ప్రభుత్వ పాఠశాల ఉంది. హెడ్‌మాస్టర్‌ని నోటిమాటగా అడిగి ఊరుకోకుండా తేదీలు, టైము, ఎవరు బాధ్యులు అన్నది కాగితం మీద రాసి ఇచ్చి సంతకం తీసుకోండి, రేపు ఆయన బదిలీ అయినా ఆ కాగితం పనికొస్తుంది. గదితోపాటు బాత్‌రూమ్ తాళం ఎవరి దగ్గర ఉంటుందో అడగండి. గంటన్నరపాటు బాత్‌రూమ్ లేని చోటికి ఆడవాళ్లూ ముసలివాళ్లూ రెండోసారి రారు, ఎందుకు రాలేదో మీకు చెప్పరు కూడా.

కమ్యూనిటీ హాలైతే ముహూర్తాల సీజన్లో దొరకదు, దొరికినా ఆఖరి నిమిషంలో "పెళ్లివాళ్లు అడిగారండీ" అంటారు. ఆషాఢంలో మొదలుపెట్టండి. పెళ్లిళ్లు ఉండవు, హాళ్లు ఖాళీ, స్కూళ్లు తెరిచిన కొత్త, అందరిలో కాస్త ఉత్సాహం ఉంటుంది. మార్చిలో పదో తరగతి, ఇంటర్ పరీక్షల మధ్య ఏదీ పెట్టకండి. సంక్రాంతి వారం ఎలాగూ ఊళ్లో ఎవరూ ఉండరు. ఇండియా క్రికెట్ మ్యాచ్ ఉన్న ఆదివారం నాన్నల మీద ఆశ వదులుకోండి.

నెలకు రెండు ఆదివారాలు, అవే ఆదివారాలు, అదే టైము. ఈ ఒక్కటీ మార్చకండి. ఒకసారి వాయిదా వేస్తే ఆ తర్వాత ప్రతిసారీ "ఉందా లేదా" అని ఫోన్లు వస్తాయి. ప్రత్యేకమైన రోజులు కావాలంటే క్యాలెండర్లో ఉన్నాయి: ఫిబ్రవరి 28 సైన్స్ దినోత్సవం, ఆగస్టు 29 గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజున తెలుగు భాషా దినోత్సవం, సెప్టెంబరు 8 అక్షరాస్యత దినోత్సవం, నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు, డిసెంబరు 22 రామానుజన్ పుట్టినరోజు. వీటికి దగ్గర్లో పడే ఆదివారాన్ని కాస్త పెద్దగా చేసుకోవచ్చు, కానీ మామూలు ఆదివారాలు నడుస్తున్నప్పుడే వీటికి అర్థం ఉంటుంది.

ఏం చేయించాలి

పెద్దవాళ్లు ఎందుకు వచ్చి కూర్చోరు? చాలామందికి చదువు రాదనో, తక్కువ చదువుకున్నామనో లోపల ఒక బెరుకు. పిల్లల ముందు తప్పు చదివితే పరువు పోతుందని భయం. అందుకని మొదటి నెలల్లో అక్షరాలతో పనిలేనివి, పెద్దవాళ్లకే బాగా తెలిసినవి పెట్టండి.

ముగ్గు చూడండి. ఏడు చుక్కలు, సందు చుక్క, నాలుగు వచ్చేదాకా (అంటే మధ్య వరసలో ఏడు, పైనా కిందా సందుల్లో ఒక్కొక్కటి తగ్గిస్తూ నాలుగు దాకా). ఈ మాట అనగానే చేతిలో ముగ్గు ఉన్న ఆడవాళ్లెవరూ రెండోసారి అడగరు. ఒక నానమ్మని నేల మీద చుక్కలు పెట్టమనండి, చుట్టూ పిల్లలు కూర్చోవాలి, ఎవరూ మాట్లాడకూడదు. ఆవిడ వేళ్లు ఎంత ఎడంలో కదులుతున్నాయో, స్కేలు లేకుండా రెండు చుక్కల మధ్య దూరం అన్నిచోట్లా ఎలా సమానంగా వస్తోందో చూడనివ్వండి. తర్వాత పిల్లల్ని టేపు పెట్టి కొలవమనండి, అరసెంటీమీటరు తేడా దొరికితే పండగ చేసుకుంటారు, ఆవిడ నవ్వుతుంది. ఇప్పుడు మొత్తం చుక్కలెన్ని? 4, 5, 6, 7, 6, 5, 4. కలిపితే 37. దాని కంటే చిన్నది, ఐదు చుక్కలు మూడు వచ్చేదాకా పెడితే 19. పెద్దది, తొమ్మిది చుక్కలు ఐదు వచ్చేదాకా పెడితే 61. ఇక్కడ ఆపి, 19కీ 37కీ తేడా ఎంత, 37కీ 61కీ తేడా ఎంత అని అడగండి. 18, 24. రెండూ ఆరో ఎక్కంలోవే. తర్వాతి ముగ్గుకి ఎన్ని చుక్కలు పెరుగుతాయో ఏడో తరగతి పిల్ల చెబుతుంది, ఆ నానమ్మ పెట్టి చూపిస్తుంది, 91 వస్తుంది. ఎందుకు ఆరే వస్తోందని ఎవరైనా అడిగితే మీరు చెప్పకండి, ముగ్గుకి ఎన్ని పక్కలున్నాయో చూడమనండి. ఇంతసేపూ ఆ గదిలో బడికి వెళ్లనావిడ గురువు, కార్పొరేట్ స్కూలు పిల్లలు శిష్యులు. వచ్చే ఆదివారం ఆవిడ రాకుండా ఉంటుందా?

కొలతలతోనూ ఇలాగే. ఎవరింట్లోనన్నా పాత సోల, తవ్వ ఉంటే తెమ్మనండి. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అని ఒకరంటే, మా వైపు అలా కాదని ఇంకొకరంటారు, వాదన వస్తుంది, రానివ్వండి. పెసలు పోసి, మిల్లీలీటర్ల గీతలున్న జాడీతో కొలిచి ఎవరి లెక్క ఎంత వచ్చిందో పిల్లల చేత గోడమీద చార్టులో రాయించండి. నాన్నలకి కరెంటు బిల్లు పెట్టండి, యూనిట్లు పెరిగేకొద్దీ రేటు ఎలా మారుతోందో, మన ఇంటి బిల్లులో ఏది ఎక్కువ తింటోందో లెక్కేయమంటే ఫోన్ జేబులో పెట్టేస్తారు, ఎందుకంటే అది వాళ్ల జేబులోంచి పోయే డబ్బు. తెలంగాణలో బతుకమ్మ ముందు వారమైతే తంగేడు, గునుగు, కట్ల పూలు తెప్పించి ఏది ఏ నేలలో పూస్తుందో పెద్దవాళ్ల చేత చెప్పించండి.

తమ సొంత విషయం అయినప్పుడు పెద్దవాళ్ల చదువు ఎంత దూరం పోతుందో చూపించిన ఊరు మనకే ఉంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల మొదట్లో అక్షరాస్యతా కార్యక్రమానికి వచ్చిన ఆడవాళ్లు పాఠంలో సారా గురించి విని, తమ ఇళ్ల గురించి మాట్లాడుకుని, ఊళ్లో సారా అమ్మకాన్ని ఆపించారు. అది జిల్లా దాటి ఉద్యమమైంది, 1993లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. మీ ముగ్గుల ఆదివారం అంత దూరం వెళ్లాలని కాదు, ఆ మాటలు మాట్లాడుకునే తీరిక ఇవ్వండి చాలు. పని అయ్యాక పది నిమిషాలు ఖాళీగా వదలండి.

చివరి ఇరవై నిమిషాలు కథ చదవడం. గట్టిగా, ఒకరు చదువుతుంటే మిగతావాళ్లు వినడం. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు బొమ్మలతో సహా ఉచితంగా దొరుకుతాయి, స్థాయిని బట్టి ఉంటాయి, ప్రింటు తీసుకోవచ్చు. పుస్తకాలు కొనాలంటే "మంచి పుస్తకం" అనే ప్రచురణ సంస్థ, నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్లవి ధర తక్కువ. వాటిని ఒక రేకుపెట్టెలో వేసి ప్రతిసారీ ఒక ఇంటికి పంపించండి. పుస్తకాన్ని మనిషి దగ్గరికి పంపడం మనకి కొత్త కాదు, 1935లో గ్రంథాలయ ఉద్యమంలో పనిచేసిన పాతూరి నాగభూషణం గారు గుంటూరు జిల్లాలో కొల్లిపర నుంచి పెదవడ్లపూడి దాకా కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపించారు. మన పెట్టెకి స్కూటీ చాలు. పుస్తకం చిరిగితే కోప్పడకండి, అసలు తెరవని పుస్తకం మాత్రం వెనక్కి వస్తే దాని బదులు వేరేది పెట్టండి.

పనులు పంచడం

"అందరూ సహకరించాలి" అన్న మాట ఎవరికీ తగలదు. ఒక మనిషి, ఒక పని, ఒక టైము. "శ్రీను, ఆదివారం మూడున్నరకి జంబుఖానాలు రెండు నువ్వే పరవాలి, మూడు ఇరవైకి తాళం తెచ్చి ఇస్తాను" అంటే శ్రీను వస్తాడు. ఇంటర్, బీటెక్ పిల్లలకి పెద్ద బాధ్యతలు ఇవ్వండి, చిన్న పనులు చెబితే రెండోవారం నుంచి కనిపించరు. వచ్చినవాళ్ల పేర్లు రాయడం, పెద్ద గుంపుని చిన్న గుంపులుగా కూర్చోబెట్టడం వాళ్లకి వదిలేయండి.

రిటైరైన మాస్టార్లు ఈ పనికి కొండంత అండ, కానీ మైకు చేతికొస్తే నలభై నిమిషాలు. ముందే వెళ్లి మర్యాదగా చెప్పుకోవాలి: "మాస్టారూ, మీరు ముందు నిలబడి చెబితే మావాళ్లందరూ భయపడి చేతులు కట్టుకుని కూర్చుంటారండీ, మీరు ఆ మూల గుంపులో కూర్చుంటే వాళ్లకి ధైర్యంగా ఉంటుంది." చాలామంది అర్థం చేసుకుంటారు. కార్పొరేటర్ గారో సర్పంచ్ గారో వస్తామంటే రావద్దనలేరు. రమ్మనండి, కుర్చీ వేయకుండా చాప మీద ఒక కుటుంబం పక్కన కూర్చోబెట్టండి, శాలువా లేదని ముందే వాళ్ల మనిషికి చెప్పండి. శాలువాల కార్యక్రమం ఒక్కసారి మొదలైందా, ఎవరికి కప్పారు ఎవరికి కప్పలేదన్న గొడవతోనే మీ ఏడాది గడిచిపోతుంది.

మైకు అవసరం లేదు, ముప్పై నలభై మందికి గొంతు చాలు. మైకు లేకపోతే ఉపన్యాసాలు కూడా వాటంతటవే తగ్గుతాయి.

మెసేజ్, డబ్బు

వాట్సాప్ గ్రూపులో అడ్మిన్లు మాత్రమే పోస్టు చేసేలా సెట్టింగ్ పెట్టండి, లేకపోతే గుడ్ మార్నింగుల కింద మీ మెసేజ్ పూడిపోతుంది. శనివారం సాయంత్రం ఏడింటికి ఒకటి, ఆదివారం మధ్యాహ్నం రెండింటికి ఒకటి, అంతే. ఇలా ఉంటే చాలు: "రేపు ఆదివారం సాయంత్రం 4 గంటలకు, ప్రభుత్వ పాఠశాలలో, ముగ్గుల లెక్కలు. ఇంటి నుంచి ఒక పెద్దవాళ్లు తప్పకుండా రావాలి. ఒక చాప తెచ్చుకోండి." దాని కిందే అదే మాట మీ గొంతుతో వాయిస్ మెసేజ్ పెట్టండి, చదవలేనివాళ్లు వింటారు, నిజానికి చదవగలిగినవాళ్లు కూడా అదే వింటారు. స్మార్ట్‌ఫోన్ లేని ఇళ్లు నోటు పుస్తకంలో గుర్తుపెట్టుకుని వాటికి ఒక పిల్లాడిని పంపండి.

డబ్బు వీలైనంత తక్కువ ముట్టుకోండి. వస్తువు అడగండి: ఒకరింటి నుంచి మరమరాలు, ఒకరి నుంచి వాటర్ క్యాన్, ఒకరి నుంచి చార్టులు, స్కెచ్ పెన్నులు. జిరాక్సులకీ పుస్తకాలకీ డబ్బు కావాల్సివస్తే మీ సొంత ఫోన్‌పే నంబరుకి వేయించుకోకండి, మీ ఇంటి పాల బిల్లూ కార్యక్రమం చందా ఒకే ఖాతాలో కలిశాయంటే ఎంత నిజాయితీగా ఉన్నా నెలాఖరుకి లెక్క చెప్పలేరు. దీనికి ఇద్దరిని పెట్టుకోండి, ఒకరు డబ్బు పట్టుకోవాలి, ఇంకొకరు లెక్క రాయాలి, నెల చివర ఆ పేజీని ఫోటో తీసి గ్రూపులో పెట్టాలి. పదిహేను రూపాయల జిరాక్సు అయినా సరే రాయాల్సిందే. ఎవరూ అడగకముందే పెట్టిన లెక్కని ఎవరూ అనుమానించరు.

పిల్లల భద్రత

ఇందులో మొహమాటం వద్దు. ఏ పెద్దమనిషీ, మీరైనా సరే, ఒక్క పిల్లతో వేరే గదిలో ఉండకూడదు. ఎప్పుడూ ఇద్దరు పెద్దలు ఉండాలి. పెద్దతోడు లేకుండా వచ్చిన చిన్నపిల్లలు తిరిగి ఎవరితో వెళ్లారో పుస్తకంలో రాయాలి, "పక్కింటి అంకుల్ తీసుకెళ్తాడట" అంటే ఇంటికి ఫోన్ చేసి కనుక్కున్నాకే పంపండి. పిల్లల ఫోటోలు తీయాలంటే వాళ్ల అమ్మానాన్నల్ని అడగాలి, ఫేస్‌బుక్‌లో పెట్టాలంటే ఇంకోసారి అడగాలి, వద్దన్నవాళ్లని కారణం అడక్కూడదు. గోడ మీద రెండు నంబర్లు పెద్దగా రాసి ఉంచండి: అంబులెన్సుకి 108, పిల్లలకి ఏ ఆపద వచ్చినా 1098. మొదటిరోజు అందరికంటే ముందు వెళ్లి సంపు మూత, మేడమెట్ల తలుపు, వేలాడే వైర్లు చూసుకోండి. వేరుశెనగ, నువ్వులు పడని పిల్లలు ఎవరైనా ఉన్నారేమో ఇళ్లకి తిరిగినప్పుడే కనుక్కోండి.

ఆ రోజు

నాలుగంటే నాలుగింటికి మొదలుపెట్టండి, ముగ్గురే ఉన్నా సరే. పదిమంది వచ్చాక మొదలుపెడదాం అనుకుంటే టైముకి వచ్చిన ముగ్గురూ వచ్చేసారి నాలుగున్నరకి వస్తారు. మొదటిసారి ముప్పైమంది వస్తే రెండోసారి పద్దెనిమిది, మూడోసారి పది ఉండొచ్చు, దానికి టెన్షన్ పడకండి, కొత్త మోజు తగ్గాక మిగిలే ఆ పదిమందే తర్వాత మిగతావాళ్లని తీసుకొస్తారు. రానివాళ్లకి "ఎందుకు రాలేదు" అని ఫోన్ చేయకండి. "పోయినవారం మీ బాబు చెప్పిన లెక్క గురించి అందరం మాట్లాడుకున్నామండీ" అని చెప్పండి.

గుమ్మం దగ్గర పిల్లల్ని దింపి వెళ్లబోయే తండ్రి కనిపిస్తే ఒక మాట సిద్ధంగా ఉంచుకోండి: "అన్నా, ఒక్క నిమిషం, ఈ టేపు పట్టుకుని నిలబడతారా, చేతులు చాలడం లేదు." ఆ నిమిషం చాలాసార్లు గంట అవుతుంది.

కరెంటు పోతే వరండాలోకి జరగండి. వాన వస్తే చదివే కథ ఎక్కువ, చేసే పని తక్కువ. గొడవపడే పిల్లలుంటే వాళ్లకి టీ గ్లాసులు పంచే పని అప్పగించండి.

అయ్యాక

జంబుఖానాలు దులిపే పదినిమిషాల్లోనే మాట్లాడుకోండి, ప్రత్యేకంగా మీటింగ్ పెట్టకండి. ఎవరు వచ్చారు, పెద్దవాళ్లు ఎంతమంది, ఏది బాగా నడిచింది, ఎక్కడ విసుగు పుట్టింది, ఇవి నాలుగు లైన్లలో ఆ నోటు పుస్తకంలోనే రాయండి. పిల్లల సంఖ్య పెరుగుతూ పెద్దల సంఖ్య తగ్గుతోందంటే చేయించే పని పిల్లల వైపు ఒరిగిపోయిందని గుర్తు. ఆ తర్వాతి ఆదివారం మళ్లీ సోలలూ కరెంటు బిల్లులూ బయటికి తీయండి.

ఆరు నెలలు గడిచాక ఒక ఆదివారం మీరు కావాలనే ఊరికి వెళ్లండి. ఎవరు తాళం తెస్తారో, ఎవరు మెసేజ్ పెడతారో, ఎవరు కథ చదువుతారో ముందే మాట్లాడి వెళ్లండి, వెళ్లాక ఫోన్ చేసి అడగకండి. నడిస్తే ఆ నడిపిన మనిషికి వచ్చే ఏడాది ఈ నోటు పుస్తకం అప్పగించండి. అప్పగించేముందు మొదటి పేజీలో హెడ్‌మాస్టర్ సంతకం పెట్టిన కాగితం అంటించండి, దాని కింద బాత్‌రూమ్ తాళం ఎవరింట్లో ఉంటుందో, జంబుఖానాలు ఇచ్చే టెంట్ హౌస్ నంబరు, ఏ మాస్టారిని ఏ మూల కూర్చోబెట్టాలో రాసి ఇవ్వండి.